కాంతిచికిత్సకు ముందు అడుగవలసిన ప్రశ్న

కర్ణాటక రాష్ట్రమునకు ఉత్తరపు కొనయందు, ఒకవైపున మహారాష్ట్రమునకును మఱియొకవైపున తెలంగాణమునకును సరిహద్దుగా నున్న ఔరాదు తాలూకాయందు కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషలన్నియు ఒకే సంతలో వినవచ్చును. 1956 నవంబరు 1వ తేదీ వఱకు బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోని భాగమే యగుటచేత, పరిపాలన బెంగళూరునకు మాఱినను, పెద్ద చదువులకును పెద్ద జబ్బులకును పెండ్లి బట్టలకును ఇక్కడి కుటుంబములు అనేకము నేటికిని చూచునది హైదరాబాదు వైపే. ఈ మధ్యకాలమున ఆ ప్రయాణమునకు మఱియొక కారణము తోడైనది. గడ్డము క్రిందను పై పెదవిమీదను నల్లని వెండ్రుకలు మొలచిన ఆడుబిడ్డలను వెంటబెట్టుకొని, తెల్లవారుజామున బయలుదేరి, సుమారు 40 కిలోమీటర్ల దూరమందున్న బీదరు చేరి, అచ్చటి నుండి మఱి 140 కిలోమీటర్లు పోయి, లేజరు సిట్టింగు చేయించుకొని, రాత్రికి తిరిగి వచ్చు తల్లులున్నారు. ఆ వెలుగు చెడ్డదని నేననను. అది తగినచోట, తగినవారి చేతిలో, తగినట్టి యంత్రముతో పడినచో ఎందఱకో మేలు చేసినది, చేయగలది. అయితే ఆ వెలుగు ముఖమున పడుటకు ముందు ఆ బాలికను ఎవరైనను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, "అమ్మా, నీకు నెలసరి నెలనెలా సరిగా వచ్చుచున్నదా?" అని అడిగిరా యనునదే నా ప్రశ్న. అడుగలేదని చెప్పువారే ఎక్కువగా కనబడుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

స్త్రీ ముఖమున వెండ్రుక మొలచినచో దానిని శరీరధర్మమని గాని రోగలక్షణమని గాని తలపక, పరువునకు సంబంధించిన సంగతిగా తలచుట మన యిండ్లలో పరిపాటియైనది. పెండ్లిచూపుల మాట పుట్టగానే పొరుగింటి యిల్లాలు తల్లిని చాటునకు పిలిచి, "గడ్డమొచ్చిన పిల్లను ఎవరు చేస్కుంటరక్కా, జల్ది ఏదన్న చేపియ్యుండ్రి" అని చెప్పిపోవును. ఆ మాట తలుపు వెనుకనున్న పిల్ల చెవిని పడును. అది మొదలు ఆ పిల్ల వెలుతురెక్కువగా నున్న కిటికీ ప్రక్కను కూర్చుండదు, ఫొటోకు నిలువదు, బస్సులో దుమ్మునకని కట్టుకొన్న చున్నీని తరగతిలో గూడ గడ్డము మీదినుండి దింపదు. రాత్రి అందఱును నిద్రించిన పిమ్మట ప్లక్కరుతో నొక్కొక్క వెండ్రుకను పెఱికికొనును; పెఱికినచోట కురుపు లేచును, కురుపు మానినచోట నల్లమచ్చ నిలుచును, ఆ మచ్చను దాచుటకు పౌడరు దట్టముగా పూయవలసివచ్చును. ఊరిలోని బ్యూటీ పార్లరుకు పోయినచో, అచ్చటి యామె నూలుదారపు కొనను పండ్ల నడుమ బిగించి, మిగిలిన దారమును రెండు చేతుల వ్రేళ్ళకు చుట్టి మెలివేసి, ఆ మెలికను పై పెదవిమీద చకచక నడిపించును. పిల్ల కన్నుల నీరు గిఱ్ఱున తిరుగును. కొన్ని వారములు గడువకమునుపే పని మొదటికి వచ్చును. తండ్రి రేజరును దొంగచాటుగా వాడిన పిల్ల మఱింత భయపడును, కత్తి తాకినచో వెండ్రుక దట్టమై మొలచునని పెద్దలు చెప్పగా విన్నది గనుక. ఆ భయము నిరాధారము. అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రజ్ఞురాలు 1928వ సంవత్సరముననే కొలిచి చూచి, క్షౌరమువలన వెండ్రుక లావుగాని పెరుగు వేగముగాని మాఱదని తెలిపెను. కోసిన కొన మొద్దుగా నుండుటచే చేతికి గఱుకుగా తగులును, అంతియే.

రోమమును తొలగించుకొనవలెనను కోరిక పాశ్చాత్యులు మనకు నేర్పినది కాదు. సుశ్రుతసంహితలో వ్రణమునకు చేయవలసిన ఉపక్రమములను చెప్పుచు, రోమములు లేనిచోట మొలపించుటకును, ఉన్నచోట తొలగించుటకును వేర్వేఱుగా విధానములు చెప్పబడినవి. తొలగించుటకు శంఖచూర్ణమును హరితాళమును నూఱిన లేపము చెప్పబడినది. మహమ్మదీయ దేశములలోని హమాములయందు నూరా యను పేర వాడబడినదియు ఇంచుమించుగా ఇట్టిదే, సున్నమును హరితాళమును కలిపినది. బహమనీ సుల్తానులు రాజధానిగా చేసికొన్న మన బీదరు కోటలోను షాహీ హమాము కలదు. హరితాళమున ఆర్సెనిక్ అను విషధాతువున్నదని ఎఱిగిన మనము ఆ లేపములను మరల కోరము. పసిబిడ్డ యొడలికి సున్నిపిండి నలిచి నూగును రాల్చు అమ్మమ్మల పద్ధతి వానికంటె నిరపాయమైనదే గాని, యౌవనమున మొలచిన మోటురోమమును అది కదలింపజాలదు.

ఇదే బీదరు నేల కేశమునకు మఱియొక విలువను గూడ చూపినది. 1699వ సంవత్సరమున ఆనందపురమునందు గురు గోవిందసింహుడు శిరస్సు నర్పింపగలవారెవ్వరని అడిగినప్పుడు లేచి నిలిచిన అయిదుగురిలో నొకడైన భాయీ సాహిబ్ సింగు బీదరువాడు, వృత్తిచే మంగలి. ఆ దినము మొదలుకొని కేశమును కత్తికి తాకనీయని వ్రతమును స్వీకరించినవాడు. దీనినిక్కడ తలచుటకు కారణము కలదు. వెండ్రుకను ఉంచుకొనుట, తీసివేయుట యనునది ఆ దేహము గలవారి యిచ్ఛ. తనకు బాధ లేని పిల్లను పొరుగింటి మాట కొఱకై యంత్రము ముందు కూర్చుండబెట్టుట ఎంత తప్పో, తనకు బాధయున్న పిల్లను "సోకులు ఎందుకు" అని గద్దించి కూర్చుండబెట్టుట గూడ అంతే తప్పు.

ఈ కాంతిచికిత్స యెట్టిదో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా దాని మంచియు చెడ్డయు రెండును అది పనిచేయు తీరులోనే యిమిడియున్నవి. 1960 మే 16వ తేదీన అమెరికాలో థియొడర్ మైమన్ కృత్రిమమైన కెంపుకడ్డీ నుండి మొట్టమొదటి లేజరు కిరణమును వెలువరించెను. 1983లో బోస్టను నగరమున రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను నిద్దఱు వైద్యులు ఒక సూత్రమును ప్రకటించిరి. శరీరములోని యొక్కొక్క వర్ణద్రవ్యము ఒక్కొక్క తరంగదైర్ఘ్యము గల కాంతిని ఎక్కువగా మ్రింగును. అట్టి కాంతిని, ఆ ద్రవ్యమున్న భాగము చల్లాఱుటకు పట్టు కాలమును మించకుండ, తృటిలో ప్రసరింపజేసినచో ఆ భాగము మాత్రము కాలి, దాని ప్రక్కనున్నవి చెడకుండును అనునదే ఆ సూత్రము. ఆ నగరముననే మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో కెంపు లేజరుతో రోమమును తొలగించిన ప్రయోగఫలితములు 1996లో వెలువడినవి. వెండ్రుకకు నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థము కాంతిని మ్రింగి వేడెక్కును. ఆ వేడి వెండ్రుక వెంట లోనికి దిగి, రోమకూపములో వెండ్రుకను మరల మరల పుట్టించు కణములను దెబ్బతీయును. కావుననే నెఱసిన వెండ్రుకపై ఈ వెలుగు పనిచేయదు. కావుననే సిట్టింగునకు ముందు కొన్ని వారములపాటు దారముతోను వాక్సుతోను వెండ్రుకను కూకటివ్రేళ్ళతో లాగివేయరాదని చెప్పుదురు. లోపల వెండ్రుక లేనిచో వెలుగు పట్టుకొనుటకు ఆధారమే లేదు. వెండ్రుకలన్నియు ఒకేసారి పెరుగు దశలో నుండవు. కొన్ని పెరుగుచుండగా కొన్ని విశ్రమించును, కొన్ని రాలుటకు సిద్ధముగా నుండును. పెరుగుచున్న వానిపైననే వెలుగు బాగుగా పనిచేయును గనుక, నాలుగు మొదలు ఎనిమిది వారముల యెడముతో ఆఱెనిమిది సార్లు పోవలసివచ్చుచున్నది.

మన చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది. వెండ్రుకకు నలుపునిచ్చు మెలనినే చర్మమునకును రంగు నిచ్చును. తెల్లని చర్మముపై నల్లని వెండ్రుకయున్న ఐరోపావాసికి ఈ పద్ధతి సుకరముగా అమరినది. వెలుగు చర్మమును దాటి తిన్నగా వెండ్రుకను పట్టుకొనును. థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అను చర్మవైద్యుడు 1975లో ఆరంభించిన లెక్క ప్రకారము చర్మములను నేడు ఆఱు రకములుగా విభజించుచున్నారు. ఎండ తగిలినంతనే కమిలి, ఎన్నడును నల్లబడనిది మొదటిది, మిక్కిలి నల్లనిది ఆఱవది. మన దక్కను వారిలో అధికసంఖ్యాకులు నాలుగవ, అయిదవ రకములవారు. ఇట్టి చర్మముపై తక్కువ తరంగదైర్ఘ్యము గల వెలుగు పడినచో, వెండ్రుకకంటె ముందుగా చర్మమే దానిని మ్రింగి కాలును. కెంపు లేజరు తరంగదైర్ఘ్యము 694 నానోమీటర్లు, అలెగ్జాండ్రైటుది 755, డయోడుది ఇంచుమించు 810, ఎన్‌డీ-యాగ్ అనునది 1064. ఈ కడపటిది చర్మమున లోతుగా దిగును, పైపొరలోని మెలనిన్ దానిని తక్కువగా మ్రింగును. అందుచే నల్లని చర్మమునకు దానిని క్షేమమైనదిగా భావించుచున్నారు. అయితే వెండ్రుక గూడ దానిని తక్కువగానే మ్రింగును గనుక నొప్పి హెచ్చు, సిట్టింగులు హెచ్చు కావచ్చును. ఇక ఐపీఎల్ అనబడునది లేజరే కాదు. అది జినాన్ దీపము విదల్చు మెఱుపు, అందు పెక్కు తరంగదైర్ఘ్యముల వెలుగు కలిసియుండును, అక్కఱలేని భాగమును వడపోత గాజుతో ఆపుదురు. వడపోత సరిగా లేకున్నను, శక్తి హెచ్చినను, నల్లని చర్మమున దానివలన కాలుట సులభము. ఇండ్లలో వాడుకొనుటకని అమ్మబడు చిన్న యంత్రములలో పెక్కింటిలోను ఈ మెఱుపే యుండును. మిక్కిలి నల్లని చర్మమునకు వాడరాదని వాని కాగితములలోనే వ్రాసియుండును, ఆ కాగితమును చదువువారేరి? లేజరు చేయింతుమను ప్రకటనలో లేజరు, ఐపీఎల్ అను రెంటిలో ఏది యున్నదో, ఏ తరంగదైర్ఘ్యమో తెలుపువారు అరుదు.

చికిత్సాగదిలో జరుగునది దగ్గఱనుండి చూచినవారికి ఇందలి మెలకువ బోధపడును. ముందుగా అచ్చటి రోమమును రేజరుతో గొఱుగుదురు. లేనిచో చర్మముపైని వెండ్రుకయే మండి పైపొరను కాల్చును. కన్నులకు అపారదర్శకమైన మూతలు పెట్టుదురు. ఈ వెలుగు కనుపాపలో పడినచో కలుగు హాని సామాన్యమైనది కాదు, కనుబొమల దిగువను దీనిని ప్రయోగింపరాదు. చల్లని జెల్లును పూసి, చేతిపిడిని చర్మమున కానించి మీట నొక్కగనే చురుక్కుమనును. వెండ్రుక కమరిన వాసన వచ్చును. కొన్ని నిముషములలో ఒక్కొక్క రోమకూపము చుట్టును చిన్న యెఱ్ఱని ఉబ్బు లేచును. లేచిన ఉబ్బు రోమకూపమును దాటకున్నదా, లేక చర్మమే తెల్లబాఱి బూడిదరంగునకు తిరుగుచున్నదా యని కనిపెట్టి, శక్తిని తగ్గించుటయో పూర్తిగా ఆపుటయో క్షణములో నిర్ణయింపవలసియున్నది. రెండు వారముల తరిఫీదుతో చేతిపిడిని త్రిప్పుట నేర్చిన యువకునికి ఆ నిర్ణయమును విడుచుట ఆ బిడ్డ ముఖమును విడుచుటయే. బొబ్బ మానిన పిమ్మట మన చర్మమున మిగులు నలుపు నెలల తరబడి పోదు. ఏ వెండ్రుకను చూచి సిగ్గుపడెనో దానికంటె ఆ మచ్చయే ఆ పిల్లకు పెద్దబాధ యగును.

ఔరాదునకు ప్రత్యేకమైన మఱి రెండు సంగతులు కలవు. ఇక్కడి ఆడువారు కళాశాలలో చదువుచున్నవారైనను సోయా, కంది చేలలో కలుపుతీతకును కోతకును దిగనివారు తక్కువ. ఎండకు కందిన చర్మమున మెలనిన్ హెచ్చును. అట్టి చర్మముపై నిరుటి శక్తితోనే ఈయేడు వెలుగు ప్రసరించినను కాలవచ్చును. కావున సిట్టింగునకు ముందు వెనుకల కొన్ని వారములు ఎండను తప్పించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. చేనికి పోవలసిన పిల్లకు ఆ మాట చెప్పినవారు, ఆమె బ్రదుకునకు తగిన కాలమును, అనగా పనులు తగ్గిన నెలలను, చూచి చికిత్సను కుదుర్చవలెను. రెండవది పచ్చబొట్టు. మన పల్లెలలోని పెద్దవయస్సు స్త్రీలలోను, తండాలలోని లంబాడీ స్త్రీలలోను గడ్డము మీద, చెక్కిలి మీద, నుదుట పచ్చబొట్లు పొడిపించుకొన్నవారు పెక్కురు. ఆ సిరాయు వెలుగును మ్రింగి వేడెక్కును. దానిమీద చేతిపిడి నడిపినచో చర్మము కాలి పుండగును. పుట్టుమచ్చల విషయమును అట్లే. పచ్చబొట్టును తెల్లకాగితముతో గాని గుడ్డతో గాని కప్పి, దానికి దూరముగా పనిచేయవలెనని నగరములోని యంత్రకారునికి తోపకపోవచ్చును, అతడట్టి గడ్డమును అరుదుగా చూచును గనుక.

కిరణముతో రోమమును తొలగించు తొందరపాటు ప్రపంచమునకు క్రొత్త కాదు. రోంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొన్న మఱుసటి యేడే, 1896లో, వియన్నా నగరమున లియొపోల్డ్ ఫ్రాయిండ్ అను వైద్యుడు ఒక చిన్నబాలిక వీపుమీది రోమశమైన పుట్టుమచ్చపై వానిని ప్రయోగించెను. వెండ్రుకలు రాలినవి, వెంబడి మానని పుండు పడినది. అంతటితోనైన లోకము నిలువలేదు. 1920 తరువాతి సంవత్సరములలో అమెరికాలో ఆల్బర్ట్ గైజర్ అను వైద్యుడు ట్రైకో యను పేర ఎక్స్-కిరణ యంత్రములను సౌందర్యశాలలకు అద్దెకిచ్చి, నొప్పి లేకుండ ముఖరోమములు పోవునని ప్రకటింపజేసెను. వేలకొలది స్త్రీలు ఆ యంత్రముల ముందు కూర్చుండిరి. ఏండ్లు గడచిన పిమ్మట చర్మము ముడుతలుపడి, పుండ్లు పడి, కొందఱకు రాచపుండ్లయినవి. నేటి లేజరు వెలుగు ఆ జాతి కిరణము కాదు. దానివలన రాచపుండు పుట్టునని ఎవ్వరును భయపడవలసిన పనిలేదు. కాని వైద్యుని చేతిలో నుండవలసిన యంత్రమును అంగడిలో పెట్టి, రోగినిగా చూడవలసిన స్త్రీని గిరాకీగా చూచిన ఆనాటి తీరు నేటి తీరునకు మిక్కిలి దగ్గఱగా నున్నదని చెప్పక తప్పదు.

ఇక నేను మొదట చెప్పిన ప్రశ్నకు వత్తును. స్త్రీ శరీరమునను పురుషలక్షణములను పోషించు ఆండ్రోజనులను హార్మోనులు స్వల్పముగా నుండును. అవి హెచ్చినను, లేక వాని మోతాదు సరిగానే యుండి రోమకూపములకు వానిపట్ల చుఱుకుదనము హెచ్చినను, నూగు ఉండవలసినచోట మోటురోమము మొలచును. గడ్డము, పై పెదవి, రొమ్ము నడుమ, బొడ్డు దిగువ మొదలగుచోట్ల ఆ రోమమెంత యున్నదో అంకెలు వేసి కొలుచు పద్ధతిని ఫెర్రిమన్, గాల్వే అను వైద్యులు 1961లో చూపిరి. దానికి యంత్రమక్కఱలేదు, చూచు కన్నును ఒక కాగితమును చాలును. ఇట్లు రోమము హెచ్చిన స్త్రీలలో అధికసంఖ్యాకులకు మూలము నేడు వాడుకలో పీసీఓడీ యనబడు అండాశయ వ్యాధి. 1935లో స్టైన్, లెవెంథాల్ అను చికాగో వైద్యులు దానిని వర్ణించిరి. ప్రసవయోగ్యమైన వయస్సులోనున్న స్త్రీలలో నూటికి 10 మొదలు 13 మందికి ఇది యుండవచ్చుననియు, వారిలో నూటికి 70 మంది వఱకు అది యున్నదని యెఱుగకయే యున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నెలసరి రెండు నెలలకో మూడు నెలలకో వచ్చుట, మొటిమలు తగ్గకుండుట, ఒడలు బరువెక్కుట, నడినెత్తిని జుట్టు పలుచనగుట దీని గుఱుతులు. మెడ వెనుకను చంకలలోను చర్మము నల్లనై దళసరియై మెత్తగా తగులును. తల్లి దానిని మురికి యని తలచి స్నానాలవేళ పీచుతో రుద్దును, పిల్ల ఏడ్చును. అది మురికి కాదు. దేహము ఇన్సులిను మాటను సరిగా వినుటలేదని తెలుపు చిహ్నము, ముందు ముందు మధుమేహము రాగలదని హెచ్చరిక.

అట్టి పిల్లకు కారణమును చూడక వెలుగును మాత్రము ప్రసరింపజేయుట, పైనుండి నీరు పాఱుచుండగనే గట్టుమీది కలుపును పెఱికినట్లుండును. కాలిన రోమకూపము కాలినను, దాని ప్రక్కనున్న నూగు హార్మోను ప్రేరణచే మోటురోమముగా మాఱును. ఆఱు సిట్టింగులకు డబ్బు కట్టిన కుటుంబము పదునాఱవదానికిని పోవలసివచ్చును. అంతకంటె విపరీతమైన సంగతి యొకటి 2002 నుండి వైద్యగ్రంథములకెక్కినది. కొందఱిలో వెలుగు తగిలినచోటనో, దాని చుట్టునో, రోమము తగ్గుటకు మాఱు హెచ్చును. ఇది ముఖమునను మెడయందును ఎక్కువగా కానవచ్చుచున్నదనియు, దక్షిణాసియా, మధ్యధరా ప్రాంతముల స్త్రీలలోను, హార్మోనుల తారుమాఱున్నవారిలోను ఎక్కువయనియు చెప్పుచున్నారు. అనగా నెలసరిని గూర్చి అడుగబడక యంత్రము ముందు కూర్చుండిన మన పిల్లకే ఆ ప్రమాదము హెచ్చు.

కారణములు మఱికొన్ని కలవు. తెల్లబడుటకని మందులషాపులో చీటి లేకుండ కొని యేండ్లకొలది ముఖమునకు పూయు స్టెరాయిడు ట్యూబువలన గూడ ముఖమున వెండ్రుకలు మొలచును. చర్మము పలుచనై యెఱ్ఱబాఱును. అట్టి లేపములు పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో కట్టుదిట్టము చేసినను, సరిహద్దు పట్టణముల అంగళ్ళలో అవి యింకను చేతులు మాఱుచునే యున్నవి. ముఖము తెల్లబడవలెనని పూసిన మందువలన గడ్డము మొలచి, ఆ గడ్డము పోవుటకై పలుచబడిన ఆ చర్మమునే వెలుగునకు అప్పగించు పిల్ల కథను వినుటకు మనస్సు రాదు. ఇక కొద్ది నెలలలోనే హఠాత్తుగా గడ్డము మొలచి, గొంతు బొంగురువోయి, నెలసరి నిలిచిపోయినచో, అండాశయములోనో మూత్రపిండము పైని గ్రంథిలోనో గడ్డ యుండవచ్చునని అనుమానింపవలెను; అట్టివారికి ఒక్క దినమును ఆలస్యము తగదు. ఏ కారణమును లేక, వంశానుగతముగా రోమము హెచ్చినవారును ఉందురు. వారికి ఆ సంగతి చెప్పి ధైర్యపఱచుటయే సగము వైద్యము. కారణము తెలిసిన పిమ్మట మందులు మొదలుపెట్టినను ఫలితము కానవచ్చుటకు ఆఱు నెలలైనను పట్టును, వెండ్రుక జీవితము అంత దీర్ఘమైనది గనుక. ఆ ఆఱు నెలలు ఓర్వలేక బాధపడు పిల్లకు మందుతోబాటు వెలుగును ఇచ్చుట సర్వవిధముల సమంజసము. అప్పుడు రెండును ఒకదానికొకటి తోడ్పడును.

ప్రకటనలలో కానవచ్చు 'శాశ్వత నిర్మూలనము' అను మాటను గూర్చి కొంచెము చెప్పి ముందునకు పోవుదును. అమెరికాలోని ఆహార ఔషధ పాలనాసంస్థ లేజరులవారిని శాశ్వతముగా తగ్గునని చెప్పుకొననిచ్చినది గాని, శాశ్వతముగా పోవునని చెప్పుకొననీయలేదు. చికిత్సానంతరము మరల మొలచు వెండ్రుకల సంఖ్య చిరకాలము తగ్గి నిలుచుటయే ఆ తగ్గింపునకు అర్థము. ఒక్కొక్క రోమకూపములో సూది దింపి విద్యుత్తును పంపు ఎలక్ట్రాలిసిస్ అను పద్ధతికే నిర్మూలనమను మాట చెల్లినది. 1875లో సెయింట్ లూయిస్ నగరమున చార్లెస్ మిషెల్ అను నేత్రవైద్యుడు లోపలికి మొలచి కంటిని గ్రుచ్చు రెప్పవెండ్రుకలకై దానిని మొదట వాడెను. అది మిక్కిలి నెమ్మదియైన పని. ఈ భేదమును చెప్పక, ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీకి మొత్తము ముందుగనే కట్టించుకొనుట, లేనివారికి నెలవాయిదాలు కుదుర్చుట, వైద్యమను పేరునకు తగిన పని కాదు.

ఇదంతయు సోకు, ధనికుల విలాసము, సర్కారునకు దీనితో నేమి పని యని అడుగువారికి మన పార్లమెంటు చేసిన చట్టమే సమాధానము చెప్పుచున్నది. ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కుల రక్షణకై 2019లో వచ్చిన చట్టమునందలి 15వ విభాగము, వారి వైద్యవ్యయమునకు బీమా కల్పింపవలసిన సందర్భములను చెప్పుచు, శస్త్రచికిత్సను హార్మోను చికిత్సను పేర్కొని, వానితోబాటు లేజరు చికిత్సను గూడ పేరుపెట్టి చెప్పినది. ముఖరోమము మనిషి బ్రదుకును ఎంతగా కుదించివేయునో ఆ వాక్యమును వ్రాసినవారు ఎఱిగియే వ్రాసిరి. బీదరులోనో హైదరాబాదులోనో గడ్డమును దాచుకొని బ్రదుకు ట్రాన్స్‌జెండరు స్త్రీకి చెల్లిన న్యాయము, పీసీఓడీచే గడ్డము మొలచి కళాశాల మానుకొన్న రైతుబిడ్డకు ఏల చెల్లదు? నడుము దిగువను వెండ్రుక లోపలికి దిగి పుండుపడి, కోయించుకొన్నను మరల మరల వచ్చు పైలోనిడల్ సైనస్ అను వ్యాధిలో గూడ, లారీ నడుపు మగవారికి ఈ వెలుగు ఉపకరించుచున్నది. అది సోకు కాదు గదా!

చేయవలసిన పనులు పెద్దవి కావు. కౌమారవయస్కుల ఆరోగ్యమునకై కేంద్రము 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమమును ఆరంభించి, సర్కారీ ఆసుపత్రులలో పిల్లలతో ఏకాంతముగా మాట్లాడు గదులను ఏర్పఱుపవలెనని సంకల్పించినది. ఔరాదు తాలూకా ఆసుపత్రిలో ఆ గది వారమునకొక దినమైనను నిండుగా పనిచేయవలెను. అందు కూర్చుండు నర్సమ్మ తెలుగు, కన్నడము, మరాఠీ మాటలాడగలిగి, నెలసరిని గూర్చి, మెడమీది నలుపును గూర్చి, ముఖమునకు పూయు ట్యూబును గూర్చి అడుగ నేర్చినదై యుండవలెను. ఆశా కార్యకర్త గర్భిణుల జాబితాతోబాటు నెలసరి తప్పుచున్న కన్యల సంగతిని గూడ గుర్తింపవలెను. బీదరులోని ప్రభుత్వ వైద్యకళాశాలలో చర్మవైద్యులును స్త్రీవైద్యులును ఉన్నారు. వారు నెలకొకసారి ఔరాదు వచ్చినచో 40 కిలోమీటర్ల ప్రయాణమే తప్పును, 180 కిలోమీటర్ల మాట చెప్పనేల. ఆ కళాశాలలో మన చర్మమునకు తగిన 1064 నానోమీటర్ల యంత్రమొకటి యుండి, కారణమును చూపించుకొన్నవారికి చౌకగా చికిత్స చేయుట ప్రభుత్వమునకు తలకుమించిన భారము కాదు.

చట్టము చేయవలసిన పనియు కొంత కలదు. కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్యసంస్థల చట్టము ఆసుపత్రులను నమోదు చేయించుచున్నది. సౌందర్యశాలయను బోర్డు పెట్టి లోపల లేజరు నడుపువారిని గూడ వైద్యసంస్థలుగానే ఎంచి అందు నమోదు చేయింపవలెనని నేను కోరుచున్నాను. జర్మనీ దేశము 2020 డిసెంబరు 31 నుండి అమలులోనికి తెచ్చిన నిబంధనలలో, వైద్యులు కానివారు మనుష్యులమీద ఇట్టి వెలుగును ప్రయోగింపవలెనన్నచో తమ నేర్పును నిరూపించు యోగ్యతాపత్రమును చూపవలెనని విధించినది. మనము అంతకంటె సులభమైన దానితోనైనను ఆరంభింపవచ్చును. ప్రతి సిట్టింగు ముగిసిన వెంటనే ఆ స్త్రీ చేతికి ఒక చీటి నీయవలెను; అందు పరీక్షించిన వైద్యుని పేరు, చర్మము ఏ రకమో, యంత్రము పేరేమో, తరంగదైర్ఘ్యమును శక్తియు ఎంతయో, తేదీయు ఆమె చదువగల భాషలో వ్రాసియుండవలెను. రాత్రికి ఇల్లు చేరిన పిల్ల చెక్కిలిమీద తెల్లవారుసరికి బొబ్బలు లేచినచో, ఔరాదు ఆసుపత్రిలోని డాక్టరుకు ఏమి జరిగినదో ఆ చీటివలన తెలియును.